సగం పరాయి

మార్చి 4, బుధవారం

రెండు గీతలు. రెండోది పలచగా ఉంది, కానీ ఉంది. బల్బు కింద ఒకసారి, కిటికీ దగ్గర ఒకసారి చూశాను.

ఎవరికీ చెప్పను. ఈయనకి కూడా. కిందటి రెండుసార్లూ గీత పడిన గంటలో ఈయనకి చెప్పాను. ఈయన వాళ్ళక్కకి చెప్పాడు, ఆవిడ ఊరందరికీ చెప్పింది. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు పేర్లు కూడా వెతికారు. ఆ తర్వాత ఒక్కొక్కరికీ ఫోను చేసి, లేదండీ, పోయిందండీ అని చెప్పుకోవాల్సింది మాత్రం నేను. మూడో నెల నిండేదాకా ఈసారి నోరు విప్పితే ఒట్టు.

స్ట్రిప్పుని కాగితంలో చుట్టి నేను పనిచేసే ల్యాబుకి పట్టుకెళ్ళి, ఎలుకల గది చెత్తలో రంపంపొట్టు కింద పడేశాను. ఇంటి చెత్త ఎవరు చూస్తారో ఎవరికి తెలుసు.

మార్చి 6, శుక్రవారం

వదిన దిగింది. అదే, ఈయన అక్క. రెండు సంచులు, ఒక కుట్టు మిషను. ఇంటికి రంగులు వేయిస్తోందట, పది రోజులు మా దగ్గర ఉంటుందట. పది రోజులకు వచ్చే మనిషి కుట్టు మిషను మోసుకొస్తుందా?

"ఊరుకుంటే గిరాకీ పోతుంది కదా పిల్లా" అంది. ఈయన అప్పటికే మిషనుకి కిటికీ పక్కన చోటు చేసిపెట్టాడు. అంటే నాకు తప్ప అందరికీ ముందే తెలుసు.

వదిన టైలరు. ఆవిడ కంటికి టేపు అక్కర్లేదు. గుమ్మంలోనే నన్ను పైనుంచి కిందికి చూసి "కాస్త ఒళ్ళు చేశావ్" అంది. ఈ నెలలో ఏం తెలుస్తుంది ఎవరికైనా? కావాలనే అంది.

మార్చి 9, సోమవారం

ల్యాబులో కొత్తమ్మాయి మీద నాకు నమ్మకం లేదు. మేడం దగ్గర పరిశోధనకి చేరి నెల కాలేదు, అప్పుడే నా గదిలో నాకు తెలియకుండా తిరుగుతోంది. మొదటి రోజే చెప్పాను. జత కట్టిన ఆడ ఎలుక పెట్టెకి ఎర్ర కార్డు పెడతాం, ఆ పెట్టెల అర వేరు, మేడం చెప్పిన తూకం రోజు వచ్చేదాకా ఎవరూ మూత తీయకూడదు, మేతా నీళ్ళూ బయటి నుంచే అని. బుద్ధిగా తలూపింది. ఇవాళ చూస్తే ఆ అర ముందు నిలబడి ఫోనుతో ఫొటోలు తీస్తోంది.

"ఏం కావాలమ్మా?" అన్నాను.

"ఏం లేదక్కా, ఊరికే."

ఊరికే ఎవరైనా ఎలుకల పెట్టెలకు ఫొటోలు తీస్తారా? అవేమన్నా పెళ్ళికూతుళ్ళా?

పైగా ఇవాళ మొదటి గుంపు తూకం. బరువు పెరగాల్సిన వాటిలో కొన్ని పెరగలేదు. పెరగలేదంటే కడుపు పోయిందనే. ఈ రకం ఆడదానికి ఈ రకం మగదానితో జత కడితే కొన్ని పోవడం మామూలే, అందుకే మేడం ఈ జతను ఎంచుకుంది. కానీ ఇన్ని పోవడం మామూలు కాదు. ఇన్నేళ్ళుగా ఈ గది నాది. నా చేతి కింద ఇలా ఎప్పుడూ జరగలేదు. కొత్తగా వచ్చింది ఎవరు మరి?

మధ్యాహ్నం ఆ పిల్ల క్యాంటీనుకి వెళ్ళాక ఎర్ర కార్డుల అర దగ్గరికి వెళ్ళి రెండో గుంపుని చూశాను. చూశాను అంతే, ముట్టుకోలేదు.

మార్చి 10, మంగళవారం

నీళ్ళ సీసాలు కడుగుతుంటే పక్క గదిలో మేడం కొత్తమ్మాయికి పాఠం చెబుతోంది. పంపు కట్టేసి విన్నాను.

"కడుపులో పిల్ల సగం తల్లిది, సగం తండ్రిది. ఆ రెండో సగం తల్లి ఒంటికి పరాయిది. వేరేవాళ్ళ చర్మం ముక్క తెచ్చి అతికిస్తే ఒళ్ళు ఊరుకోదు కదా, తిప్పికొడుతుంది. మరి పిల్లని ఎందుకు ఉండనిస్తోంది?"

"గుర్తుపట్టక" అంది ఆ పిల్ల.

"చాలాకాలం అలాగే అనుకున్నారు. కాదు. గుర్తుపడుతుంది. కలయికప్పుడే తండ్రి తాలూకు గుర్తులు కొన్ని తల్లి కాపలా కణాలకు పరిచయం అవుతాయి. ఆ కణాల్లో సర్దిచెప్పే రకం ఒకటుంది. వీడు మనవాడేలే అని మిగతావాటిని ఆపుతుంది. ఆ పరిచయం ముందే బాగా చేస్తే మన జతలో నష్టం తగ్గుతుందా అనేదే మనం చూస్తున్నది."

"చంపే కణాలు కూడా గర్భసంచిలో బోలెడుంటాయట కదా మేడం?"

"పేరు చూసి భయపడకు. రక్తంలో ఉండే వాటి బంధువులు కాబట్టి ఆ పేరొచ్చింది. ఇక్కడ వాటి పని ఎక్కువగా రక్తనాళాలను వెడల్పు చేయడం. పిల్లకి దారి వేస్తాయి."

నాకు నమ్మకం కుదరలేదు. చంపేదని పేరు పెట్టుకుని లోపలికొచ్చి కూర్చుని, దారులు వేస్తున్నామంటే నమ్మడానికి నా చెవిలో పువ్వులేమన్నా ఉన్నాయా? మా వదిన కూడా సాయానికే వచ్చానంటోంది.

ఇంకో మాట కూడా అంది మేడం. అదే ఆడ ఎలుకని వేరే రకం మగదానితో కడితే పిల్లలు చక్కగా నిలుస్తాయట. ఆ మాట వినకుండా ఉంటే బాగుండేది.

మార్చి 11, బుధవారం

ఈయన డ్యూటీ దిగి మధ్యాహ్నమే వచ్చి పడుకున్నాడు. లిఫ్టుల మెకానిక్కు కదా, ఏ వేళకు పిలుపొస్తే ఆ వేళకు పోవాలి, ఏ వేళకు వదిలితే ఆ వేళకు నిద్ర. నోరు తెరుచుకుని, చేతులకు గ్రీజుతో. నువ్వూ నేనూ ఆ జతేనా అనుకుంటూ చాలాసేపు చూశాను. ఇంకొకరితోనైతే నాకు నిలిచేదేమో. ఇంకొకతెతోనైతే ఈయనకి నిలిచేదేమో. ఛీ, ఏం రాస్తున్నాను.

సాయంత్రం బాల్కనీలో అక్కా తమ్ముడూ గుసగుసలు.

"అడగకూడదంటే అడగకూడదక్కా" అంటున్నాడు ఈయన.

"ఎన్నాళ్ళురా ఇలా?" అంటోంది ఆవిడ.

నేను వెళ్ళేసరికి ఇద్దరూ ఎదురింటి వాటర్ ట్యాంకు కారుతోందని మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. వాటర్ ట్యాంకుని అడగడం ఏమిటి, ఎన్నాళ్ళు ఏమిటి? నిప్పు లేనిదే పొగ రాదు. రెండుసార్లు పోగొట్టుకున్నదాన్ని ఎన్నాళ్ళు భరిస్తావనే ఆవిడ అడుగుతోంది. ఇంకో సంబంధం చూసే ఉంటుంది.

ల్యాబులో మళ్ళీ చూశాను. మూత కొంచెం జరిపి. నా చెయ్యి వాటికి కొత్తేం కాదు, పుట్టినప్పటి నుంచి నా చేతి వాసనే.

మార్చి 12, గురువారం

బాత్రూము అరలో ప్యాడ్ల ప్యాకెట్టు జరిగి ఉంది. నేను గోడవైపు పెడతాను. అంటే వదిన లెక్క చూస్తోంది.

సరే, చూడనీ. ప్యాకెట్టు చించాను. రోజుకు రెండు తీసి, వాడకుండానే కాగితంలో చుట్టి చెత్తబుట్టలో పైనే కనబడేట్టు వేస్తాను. నాతోనా?

మార్చి 13, శుక్రవారం

చుక్క. గోధుమరంగు. పొద్దున మాత్రమే.

మార్చి 14, శనివారం

లేదు.

మార్చి 15, ఆదివారం

లేదు. వదిన నా చేతిలోంచి బకెట్టు లాక్కుంది. నీళ్ళు తనే మోసింది. "నువ్వు ల్యాబులో నిలబడి నిలబడి వస్తావ్, కూర్చో" అంటుంది. నిన్నటికి నిన్న అటక మీద డబ్బా కోసం నేను చెయ్యి ఎత్తబోతే ఈయన పరిగెత్తుకొచ్చాడు. ఎన్నడూ లేనిది. తప్పు చేసినవాళ్ళకే ఇంత మంచితనం పుట్టుకొస్తుంది.

"ఏం ఇన్‌స్పెక్టరు గారూ, అలా చూస్తున్నారు?" అన్నాడు. నవ్వలేదు నేను.

మార్చి 16, సోమవారం

తూకం వేశాను. ఆ పిల్ల ఏ రోజు ఏం చేస్తోందో పట్టుకోవాలంటే ఏ రోజుకారోజు బరువు తెలియాలి. తూకం రోజుదాకా ఆగితే దొంగ దొరుకుతాడా? అందరూ భోజనానికి వెళ్ళాక కింది వరస, మధ్య వరస తీశాను. తోక పట్టి ఎత్తి చిన్న త్రాసు గిన్నెలో పెట్టడం, వెంటనే దింపేయడం. ఒక్క క్షణం పని. త్రాసులో ఒకటి వణికింది. ఏసీ ఎక్కువగా ఉంది కాబోలు.

పై వరస వదిలేశాను. స్టూలు ఎక్కాలి. ఇప్పుడు నేను స్టూళ్ళు ఎక్కను.

మార్చి 17, మంగళవారం

తూకం. కింద, మధ్య.

మార్చి 18, బుధవారం

తూకం. రెండు తగ్గాయి! నేను చెప్పలేదూ? నిన్న సాయంత్రం నేను వెళ్ళిపోయాక ఆ పిల్ల గదిలో ఉంది, వాచ్‌మన్ చెప్పాడు. మేడంతో ఇప్పుడే అనను. తూకం రోజు అందరి ముందూ అంటాను. కంచే చేను మేస్తోందని అంటాను.

మార్చి 19, గురువారం

తూకం. చుక్క మళ్ళీ. ఇది వేరే రంగు కాదు, అదే గోధుమ. రాయకూడదనుకున్నాను. రాశాను.

డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. వెళితే చెప్పాలి. చెబితే పోతుంది.

మార్చి 20, శుక్రవారం

రాయాలి. ఎవరితో చెప్పుకోను?

రెండో గుంపు తూకం. కింది వరస దాదాపు అంతా పోయింది. మధ్య వరసలో సగం పైన. మేడం మొహం పాలిపోయింది. ఆ నిమిషం కోసమే కాచుకుని ఉన్నదాన్ని, నోరు తెరిచాను. ఫొటోల సంగతి, సాయంత్రాలు ఉండిపోవడం, వాచ్‌మన్ మాట, అన్నీ కక్కేశాను. "ఈ అమ్మాయి చెయ్యి పడ్డాకే మేడం ఇదంతా. ఇన్నేళ్ళలో నా గదిలో ఇలా ఎప్పుడైనా అయిందా, మీరే చెప్పండి" అన్నాను.

కొత్తమ్మాయి ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఫోను తీసి మేడంకి చూపించింది.

"మూతలు జరిగి ఉంటున్నాయని మొదట్లోనే అనిపించింది మేడం. పొద్దున ఒకలా, మధ్యాహ్నం తర్వాత ఒకలా. అందుకే ఫొటోలు తీశాను. ఎవరో తెలియకుండా చెప్పడం బాగుండదని ఆగాను."

"ఏ వరసలు?" అంది మేడం.

"కింద, మధ్య. పై వరస ఎప్పుడూ కదల్లేదు."

పై వరస పెట్టెలు దింపారు. తూచారు. అన్నీ బరువుగా ఉన్నాయి. పొట్టలు నిండుగా, తళతళలాడుతూ. అదే రకం తల్లులు, అదే రకం తండ్రులు.

ఆ పిల్ల నావైపు చూసి, నిజంగా అర్థంకాక అడిగింది, కోపం లేదు ఆ గొంతులో. "అక్కా, పై వరస మీరు ఎందుకు చూడట్లేదు?"

స్టూలు ఎక్కకూడదు కాబట్టి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. అప్పుడు తెలిసింది నాకు. వాళ్ళకు తెలియడానికి ఒక్క నిమిషం ముందు తెలిసింది.

"నేనే మేడం" అన్నాను. "రోజూ తూచాను. మొదటి గుంపునీ మూతలు తీసి చూశాను."

మేడం అరిస్తే బాగుండేది. కుర్చీలో కూర్చుని మెల్లగా చెప్పింది, నాకు కాదు, ఆ పిల్లకి చెబుతున్నట్టు. మూత తీసి పట్టి ఎత్తినప్పుడల్లా ఎలుకకి ప్రాణభయమట. ఈ జత అసలే అంచు మీద ఉన్న జత. భయానికి ఒంట్లో ఒక హార్మోను తగ్గుతుంది, సర్దిచెప్పే కణాలు వెనకడుగు వేస్తాయి, వాపు పుట్టించేవి ముందుకొస్తాయి. కాపలా మనసు మార్చుకుంటుంది.

"మీ చేతికి అలవాటు పడ్డవే అనుకున్నాను" అన్నాను.

"వాటికి చెయ్యి చెయ్యే" అంది మేడం.

మార్చి 21, శనివారం

వెళ్ళలేదు.

ఈ చేత్తోనే కదా.

మార్చి 22, ఆదివారం

మేడం ఫోను చేసింది. సెలవు రోజు ఎప్పుడూ చేయదు. పని పోయిందని చెప్పడానికనుకున్నాను. కాదు.

"నువ్వు స్టూలు ఎందుకు ఎక్కలేదో నిన్నంతా ఆలోచించాను" అంది. నేను మాట్లాడలేదు. నేను మాట్లాడకపోవడమే ఆవిడకి జవాబు అయినట్టుంది.

అడిగేశాను. ఇంకెవర్ని అడగను? "మేడం, ఇంతకుముందు నాకు రెండు పోయాయి. అప్పుడూ నేను ఇలాగే భయపడుతూ, అనుమానపడుతూ ఉన్నాను. అవి నావల్లే పోయాయా?"

"ఎలుక వేరు, మనిషి వేరు. తోక పట్టి ఎత్తితే ఎలుకకి కలిగే భయమూ నీ దిగులూ ఒకటి కావు. మనుషుల్లో తొలినెలల్లో పోయేవాటిలో సగం పైన పిండంలోనే క్రోమోజోముల లెక్క తప్పి పోతాయి. తల్లి నవ్వినా ఏడ్చినా అవి నిలవవు. మిగతావాటి గురించి మాకు తెలిసింది తక్కువ. నీ తప్పు లేదని ఒట్టేసి చెప్పను, నాకు ఒట్లు వేసే అలవాటు లేదు. నీ తప్పని చెప్పడానికి మాత్రం నా దగ్గర ఒక్క ఆధారం లేదు. డాక్టర్ని చూశావా?"

"లేదు."

"ఎలుకలకు మూత తీయకూడదు. నువ్వు పెట్టెలో లేవు. వెళ్ళు."

పని సంగతి అడిగాను. మూడో గుంపు మొదటి నుంచీ చేయాలట, నేనే చేయాలట. కొత్తమ్మాయికి క్షమాపణ నేనే చెప్పుకోవాలట, ఆవిడ మధ్యలోకి రాదట.

అదే రోజు, సాయంత్రం

బాత్రూములోకి వెళ్ళాను. ఈసారి ఎరుపు. కొంచెమే. కానీ ఎరుపు.

అక్కడే కూర్చుండిపోయాను. ఎంతసేపయిందో, వదిన తలుపు కొట్టింది.

"తలుపు తియ్యి పిల్లా."

"వస్తున్నా వదినా."

"ఎర్రగా కనబడిందా?"

తలుపు తీశాను. ఆవిడ లోపలికొచ్చి గచ్చు మీద నా పక్కనే కూర్చుంది, కుట్టు దారాలు ఇంకా బట్టలకు అంటుకునే ఉన్నాయి.

"మీకెలా తెలుసు?" అన్నాను.

"చెత్తబుట్టలో పడేసినవి ఎత్తితే దూదంత తేలిగ్గా ఉన్నాయి. గుడ్డతో బతికేదాన్ని, వాడినదీ వాడనిదీ నాకు తెలియదా? అయినా వాడికి నాకంటే ముందే తెలుసు."

"ఈయనకా?"

"మరి? నెల తప్పావని లెక్క కట్టుకుని నాకు ఫోను చేసి ఏడ్చాడు. 'అక్కా, అది చెప్పట్లేదు. నేను అడిగితే భయపడుతుంది. కిందటిసారి అందరికీ డప్పు కొట్టింది నేనే, నన్నిక నమ్మదు. నువ్వొచ్చి ఉండు, బరువులు ఎత్తనివ్వకు, ఏమీ అడగకు' అన్నాడు. అడగకుండా ఉండలేక నా ప్రాణం పోయిందనుకో. మీ ఇద్దరి మధ్యా చేరి వాటర్ ట్యాంకు గురించి మాట్లాడీ మాట్లాడీ నాకు పిచ్చెక్కింది."

"మీరు ఈయనకి వేరే సంబంధం చూస్తున్నారనుకున్నాను" అన్నాను.

వదిన నోరెళ్ళబెట్టింది. తర్వాత తలకొట్టుకుంది. "అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదే. వాడికి ఒక పెళ్ళాంతో వేగడమే రావట్లేదు."

నవ్వు, ఏడుపు రెండూ వచ్చాయి నాకు. ఆవిడ భుజం మీద తల పెట్టి ఏడ్చాను. పోతుంది వదినా, ఇదీ పోతుంది అన్నాను. ఆవిడ పోదని అనలేదు. "పోతే నలుగురికీ నేను ఫోను చేస్తాను. నువ్వు ఒక్కరికి కూడా చేయక్కర్లేదు. రేపు డాక్టరు దగ్గరికి పద" అంది.

మార్చి 23, సోమవారం

పొద్దున ముగ్గురం వెళ్ళాం. ఈయన నా సంచి పట్టుకున్నాడు, నీళ్ళ సీసా పట్టుకున్నాడు, గొడుగు పట్టుకున్నాడు, ఎండ లేదు వాన లేదు.

కిందటి రెండుసార్లూ స్కానింగు గదిలోకి నేను ఒక్కదాన్నే వెళ్ళాను. ఈయన్ని నేనే బయట ఉంచాను. ఆ మాట వినేటప్పుడు నా మొహం ఎవరూ చూడకూడదనుకున్నాను. ఇవాళ డాక్టరమ్మ "బయట ఎవరైనా ఉన్నారా, పిలవమంటారా?" అంది. పిలవండి అన్నాను.

ఈయన వచ్చి నా తలవైపు నిలబడ్డాడు. స్క్రీను వైపు చూడలేదు, నేలకేసి చూస్తున్నాడు. డాక్టరమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. ఆ చాలాసేపు నాకు బాగా తెలుసు. రెండుసార్లు విన్నాను దాన్ని. నేను కళ్ళు మూసుకున్నాను.

"ఇదిగో, గుండె కొట్టుకుంటోంది" అంది.

చూశాను. బియ్యపుగింజంత చోట ఏదో మిణుకు మిణుకుమంటోంది.

"సరిగ్గా చూశారా అండీ? ఇంకోసారి చూడండి. మిషను మంచిదేనా?" అన్నాడు ఈయన. ఇన్‌స్పెక్టరు నేనట. డాక్టరమ్మ నవ్వి ఇంకోసారి చూపించింది. పక్కన కాస్త రక్తం చేరిందట, దాని తాలూకే ఆ చుక్కలు, చాలామందికి తగ్గిపోతుందట. రెండు వారాలకు మళ్ళీ రమ్మంది. ఏమీ మాట ఇవ్వలేదు. ఎవరూ ఇవ్వరు. సరే.

తిరిగొచ్చేటప్పుడు ల్యాబు దగ్గర దిగాను. కొత్తమ్మాయి గేటు దాకా వచ్చింది. దాని ముందు నిలబడి తప్పు నాదే అన్నాను. "నాకు చాలా కోపం వచ్చిందక్కా. ఇంకా ఉంది" అంది. ఉండనీ అన్నాను. రేపు పొద్దున ఇద్దరం కలిసి కొత్త జతలు కట్టాలి. ఎర్ర కార్డుల అరకి తాళం వేసి, తాళంచెవి తన దగ్గరే పెట్టుకోమన్నాను.

ఇంటికొచ్చేసరికి వదిన మిషను తొక్కుతోంది. ఏం కుడుతున్నారని నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. ఈయన బాల్కనీలోకి రమ్మని సైగ చేశాడు. వెళ్ళాను. ఎదురింటి వాటర్ ట్యాంకు నిజంగానే కారుతోంది, గోడంతా తడి. దాన్నే చూస్తూ నిలబడ్డాడు. ఏదో అనబోయి ఆగాడు. మళ్ళీ అనబోయాడు.

"ఏంటండీ?" అన్నాను.

"ఇప్పుడు అడగొచ్చా?"

"ఏం అడుగుతారు?"

గొంతు సవరించుకున్నాడు. పెళ్ళిచూపుల్లో కూడా ఇంత బెదురు లేదు ఈ మనిషికి.

"కడుపుతో ఉన్నావా?" అన్నాడు.

పొద్దున నా పక్కనే నిలబడి చూసిన మనిషి. మూడు వారాల నుంచీ తెలిసిన మనిషి. నా నోటితో వినాలని అన్నాళ్ళూ నోరు కట్టుకుని కాచుకున్నాడు.

"ఉన్నానండీ" అన్నాను. ఆ మాట పైకి అనడం ఇదే మొదలు.